స్వరాలు రాయని సంగీత నాటకాలు

తంజావూరు రాజప్రాసాదంలోని సరస్వతీ మహలు గ్రంథాలయంలో 49,000 పైచిలుకు రాతప్రతులున్నాయి. వాటిలో సింహభాగం సంస్కృతానిది. తెలుగు ప్రతులు ఎనిమిది వందల చిల్లర. లెక్కకు తక్కువే గానీ, నాయకరాజులూ వారి తర్వాత మరాఠా రాజులూ కొలువులో ఆడించుకున్న తెలుగు యక్షగానాలు ఆ కొద్దిలోనే ఉన్నాయి. మొదలు నుంచి తుది దాకా పాటతో, ఆటతో సాగే నాటకాలివి. సంగీత శాస్త్రజ్ఞుడు పి. సాంబమూర్తి వీటిలో ఒకటైన ‘పల్లకీ సేవా ప్రబంధం’ 1955లో అచ్చువేసినప్పుడు దాన్ని షాహజీ మహారాజు తెలుగు ఆపెరా అనే పిలిచారు.

ఆపెరా అనగానే యూరప్ కొలువుల స్వరగ్రంథాలు కళ్లముందుకొస్తాయి. షాహజీ తంజావూరు గద్దెనెక్కింది 1684లో. మరో రెండేళ్లకు పారిస్‌లో లుల్లీ ఆపెరా ‘ఆర్మీద్’ రంగమెక్కింది. అక్కడ పధ్నాలుగో లూయీ సంగీత గ్రంథాలయాన్ని చూసుకున్న ఆంద్రే దానికాన్ ఫిలిదోర్, రాజుగారి బాలేలనూ ఆపెరాలనూ సంపుటాలకు సంపుటాలుగా ఎత్తి రాశాడు, రాయించాడు. ఆ పుటల్లో ఐదేసి గీతల వరసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. గాయకుడికో వరస, ఒక్కో వాద్యానికో వరస. ఏ క్షణాన ఎవరు ఏ స్వరం పలకాలో అంతా కంటికి కనిపిస్తుంది. అదే కాలపు తంజావూరు యక్షగానం విప్పండి, ఒక్క స్వరం ఉండదు. రాగం పేరు, తాళం పేరు, ఆ వెంటనే సాహిత్యం. దీన్ని లోటు కింద జమకట్టేవాళ్లున్నారు. ఆకు దగ్గర మొదలుపెట్టి ఒక్కో పొర విప్పుకుంటూ వెళితే నాకైతే అలా తోచదు. రాయకుండా వదిలేసినదాన్ని చదివేవాడు తిరిగి రాబట్టుకునే ఏర్పాటు ప్రతి పొరలోనూ ఉంది.

ముందు ఆకు సంగతి. రాతకు వాడినవి రెండు జాతులు. గట్లమీద పెరిగే మామూలు తాటి ఆకు మందం, బిరుసు. శ్రీతాళం ఆకు పలచన, వెడల్పు, వంచితే వంగుతుంది. ఏదైనా సరే, చెట్టు నుంచి దించిన ఆకు దించినట్టుగా రాతకు పనికిరాదు. మరీ లేతదైతే ఎండాక ముడుచుకుపోతుంది, బాగా ముదిరినదైతే గంటం కింద చిట్లుతుంది. అందుకని నడి ఈడు ఆకుల్ని ఏరి, ఈనె తీసేసి, నీళ్లలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టేవారు. ఉడికే నీళ్లలో పసుపు వేయడమూ ఉండేది. ఆరిన ఆకును నున్నటి రాయితోనో గవ్వతోనో రుద్ది మెరుగుపెట్టి, అన్నిటినీ ఒకే కొలతకు కత్తిరించేవారు. వెడల్పు రెండు మూడు వేళ్లు, పొడవు జానెడు మొదలుకొని మూరెడు, ఆపైన కూడా. ప్రతి ఆకుకీ రెండు బెజ్జాలు. వాటిని కాల్చిన ఇనుప ఊచతో పెట్టేవారు. చల్లటి మేకుతో పొడిస్తే పీచు వెంట చీలిక పాకుతుంది, కాలిస్తే అంచు మాడి అక్కడే ఆగిపోతుంది. ఒక బెజ్జంలోంచి దారం వెళుతుంది. రెండోదానిలో సన్నటి పుల్ల గుచ్చితే కట్టలోని ఆకులు అటూ ఇటూ జరగవు. పైనా కిందా రెండు చెక్కపలకలు, చుట్టూ దారం, ఆపైన గుడ్డ.

గంటం ఇనుపది. కలంలాగా వేళ్ల కొసలతో పరిగెత్తించే సాధనం కాదు. ఎడమ అరచేతిలో ఆకు ఆనుకుని ఉంటుంది, కుడి పిడికిట్లో గంటం నిలబడి ఉంటుంది. ఎడమ బొటనవేలు మొన పక్కన నిలిచి దాన్ని నడిపిస్తుంది. మొన జారకుండా బొటనవేలి గోరు పెంచి అందులో చిన్న గాడి పెట్టుకున్న లేఖకులూ ఉండేవారు. నాలుగు అక్షరాలు పడగానే చెయ్యి ముందుకు పోదు, ఆకే ఎడమకు జరుగుతుంది. ఇదంతా చేసినా కంటికి కనిపించేది దాదాపు శూన్యం. లేత పసుపు ఆకు మీద రంగులేని గీరలు. రాత పూర్తయ్యాక దీపపు మసిని నూనెలోనో ఆకు పసరులోనో కలిపి ఆకంతా పులిమి, గుడ్డతో తుడిచేస్తారు. పైపై మసి పోతుంది, గాట్లలో దిగినది నిలుస్తుంది. అంటే లేఖకుడు రాసేటప్పుడు తన రాతను సరిగా చూడకుండానే రాస్తున్నాడు. వరస వంకరపోలేదు, అక్షరం అక్షరం మీద ఎక్కలేదు అంటే అది చేతికి పట్టుబడిన కొలత తప్ప కంటి చలవ కాదు.

పీచు ఆకు పొడవునా సాగుతుంది. దాని వెంబడే నిడుపాటి గీత లాగితే ఆకు చీలే ప్రమాదం ఉంది. మన అక్షరాల గుండ్రదనానికి ఇదే కారణమని అంటుంటారు. లిపి చరిత్రంతా ఒక్క తాటాకుకే అప్పజెప్పడం నాకు అంత సమ్మతం కాదు. అయితే ఆకు మీద ఆ గుండ్రదనం బాగా పనికొచ్చిందన్నది మాత్రం నిజం. గంటం ఒక మలుపులో దిగి మరో మలుపులో లేస్తుంది, పీచుతో పేచీ పెట్టుకోదు.

పక్కకు ఆరేడు వరసలు, ఒక్కో ప్రతిలో ఇంకా ఎక్కువ. మాటకీ మాటకీ మధ్య జాగా లేదు. పద్యమైనా వచనమైనా పాటైనా ఒకే ధారగా సాగుతుంది. వాక్యం ముగిసినచోటో పాదం విరిగినచోటో ఒక నిలువు గీత, రెండు నిలువు గీతలు. బెజ్జం దగ్గర మాత్రం వరస ఆగి, చుట్టూ చిన్న గడి వదిలి, అవతల మళ్లీ మొదలవుతుంది. దారం రాసుకుని అరిగేది అక్కడే కాబట్టి అక్కడ అక్షరం పెట్టరు. సంఖ్య ఆకుకు ఒకటే, ఎడమ అంచున. ఒకసారి గాటు పడ్డాక చెరపడం కుదరదు. తప్పు పడితే అక్షరాన్ని కొట్టేసి ముందుకు పోవాలి. ఏదైనా విడిచిపెడితే హంసపాదం గుర్తు వేసి, పోయిన అక్షరాల్ని వరస కిందో అంచునో ఇరికించాలి. అంత ఇరుకులోనూ ఆ దిద్దుబాట్లు శుభ్రంగా ఉన్న ప్రతి చూస్తే ఆ చేయి ఎంత నిదానమో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. పాత ప్రతుల్లో చాలాచోట్ల ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా కనబడదు. ఒత్తులు జారిపోతుంటాయి. మాటలు కలిసిపోయి ఉంటాయి. మామూలు వచనంలో ఇది తలనొప్పి. పాటలో మాత్రం తాళమే దారి చూపిస్తుంది.

యక్షగానాల్లోని పాత పాటల నడక మాత్రల లెక్కతో సాగే రగడల మీద నిలిచింది. త్రిపుట అంటే ఏడేసి మాత్రలు, మూడూ నాలుగుగా విరుగుతాయి. జంపె అంటే ఐదేసి. తాళం చేతి దెబ్బల్లో ఎంత ఉందో అక్షరాల బరువులోనూ అంతే ఉంది. ఇది ఏ ప్రతిలోదీ కాదు, చూపించడానికి నేను అల్లిన పాదం: ‘పల్లకిని మోసేటి బాలికలు వచ్చేరు.’ విడదీయండి. పల్లకిని, మోసేటి, బాలికలు, వచ్చేరు. ఒక్కొక్కటీ ఐదు మాత్రలే. ‘ప’కూ ‘బా’కూ యతి కూడా కుదిరింది. దీన్ని ఒక లేఖకుడు మాటలు విడదీయకుండా, ఏత్వం వేయకుండా ‘పల్లకినిమోసెటిబాలికలువచ్చెరు’ అని గీశాడనుకుందాం. చదివేవాడు జంపె వేసుకుంటూ వస్తాడు. మొదటి ఐదు సరిపోయాయి. రెండో అడుగులో ‘మోసెటి’ నాలుగు మాత్రలకే ఆగిపోతుంది, దెబ్బ పడాల్సిన చోట అక్షరం అందదు. నోరు దానంతటదే ‘సే’ అని సాగుతుంది. చివర ‘వచ్చెరు’ కూడా అంతే. కన్ను తప్పు పట్టకముందే చెయ్యి తప్పు పట్టుకుంటుంది. మాటలు ఎక్కడ విరగాలో కూడా ఐదేసి మాత్రల అడుగే చెప్పేస్తుంది. తాళం పేరు రాసిన చోట ఆకు చిరిగినా నష్టం లేదు. నాలుగు పాదాల్లో లఘువులూ గురువులూ లెక్కేస్తే అది జంపెయో త్రిపుటో తేలిపోతుంది. ఐదు గీతలు గీసి చుక్కలు పెడితే కనబడే కాలప్రమాణంలో చాలాభాగం ఇక్కడ అక్షరాల్లోనే దాగుంది.

ద్విపదలకు ఇంకో కాపలా ఉంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతికి నిలవాలి. జంట పాదాల్లో రెండో అక్షరం ప్రాస. ఒక పాదంలో రెండో అక్షరాన్ని పురుగు తినేస్తే దాని జోడు పాదం ఆ హల్లును చెబుతుంది. మూడో గణం మొదలు చెరిగితే పాదం మొదటి అక్షరం ఏ వర్గంలో వెతకాలో చూపిస్తుంది. యతిప్రాసల్ని చెవికింపు కోసం పెట్టుకున్న అలంకారాలుగానే మనకు బళ్లో చెప్పారు. పురుగు తిన్న ఆకు ముందు కూర్చున్న పరిష్కర్తకు అవి సాక్షులు.

ఈ నాటకాల్లోని పాటను దరువు అంటారు. అది ఎలా కూర్చి ఉంటుందో చూద్దాం. తలమీద రాగం, తాళం. సౌరాష్ట్రం, ఆది. ముఖారి, జంపె. ఇలా రెండు మాటలు. తర్వాత పల్లవి, ఉంటే అనుపల్లవి, ఆ తర్వాత చరణాలు. ప్రతి చరణం చివరా పల్లవి తిరిగి రావాలి కదా, దాన్ని మొత్తం రాయరు. మొదటి రెండు మూడు అక్షరాలు గీసి నిలువు గీతలు పెడతారు. పాడేవాడికి ఆ మాత్రం చాలు. ఆకు దొరకడం కష్టం, గీయడం అంతకన్నా కష్టం, కాబట్టి పొదుపు ఉండాల్సిందే. కానీ ఎక్కడ పొదుపు చేయాలో తెలిసి చేసిన పొదుపు ఇది. తిరిగి రాబట్టుకోగలిగినదాన్నే వదిలారు. చరణాల సాహిత్యంలో ఒక్క అక్షరం కుదించరు.

రాగం పేరు కూడా అలాంటి కుదింపే. ఆ కొలువులో పాడేవాళ్లకు ముఖారి అన్న మూడక్షరాలు చూడగానే ఏ స్వరం మీద నిలవాలో, ఏ సంచారం చేయాలో, ఏది చేయకూడదో అంతా తెలుసు. ఫిలిదోర్ లేఖకుడు రాసేది పాటను ఎన్నడూ విననివాడు కూడా వాయించగలగాలని. తంజావూరు లేఖకుడు రాసేది పాట తెలిసినవాడు మరిచిపోకుండా ఉండాలని. రెండు పనులు వేరు, వాటికి తగ్గట్టే రెండు రాతలు.

అయితే తంజావూరుకు స్వరాలు రాయడం రాదనుకోకూడదు. అదే గ్రంథాలయంలో ఆలాపాలూ ఠాయాలూ గీతాలూ స రి గ మ లతో రాసిన ప్రతులున్నాయి. హ్రస్వాక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ‘స’కూ ‘సా’కూ అదే తేడా. షాహజీ స్వయంగా తెలుగులో ‘రాగలక్షణము’ రాశాడు. రాగాల్ని మేళాల వారీగా విడదీసి, ఒక్కోదాని నడకకు ఆలాపం, ఠాయం, గీతం వంటివాటి నుంచి స్వర సంచారాల్ని ఉదాహరణలుగా చూపించాడు. తర్వాత ఆయన తమ్ముడు తుళజాజీ ‘సంగీత సారామృతం’లో ఈ పద్ధతినే సంస్కృతంలో సాగించాడు. అంటే నాటకం ప్రతిలో స్వరం లేకపోవడం చేతకాకపోవడం కాదు. స్వరం శాస్త్రగ్రంథంలో ఉండాలి, నాటకంలో దాని పేరు చాలు అన్న పని విభజన అది.

దరువులన్నీ కలిస్తే నాటకం ఎలా నిలుస్తుంది? స్తుతితో మొదలు. వినాయకుడు వస్తాడు. బెత్తం పట్టిన కటికవాడు వచ్చి సభను హెచ్చరిస్తాడు. తర్వాత ముఖ్య పాత్ర ప్రవేశం. ఈ ప్రవేశ దరువు నిర్మాణం చూసినకొద్దీ ముచ్చటేస్తుంది. పాత్ర తన గురించి తాను పాడదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక పాత్ర నిలబడి ఉంటే మేళంవారు ప్రథమ పురుషలో పాడుతారు. ఫలానా రాజు ఇలాంటి కిరీటంతో, ఇలాంటి నడకతో వెడలె అని. ఆ పాట జరుగుతున్నంతసేపూ పాత్ర ఆడుతూ మెల్లగా బయటపడుతుంది. ప్రేక్షకుడికి ఎవరు వచ్చారో తెలుస్తుంది, వేషగాడికి కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. ఆహార్యం ఎలా ఉండాలో, నడక ఎలా ఉండాలో కూడా ఆ సాహిత్యంలోనే ఉంది. అందుకే ఈ ప్రతుల్లో రంగసూచనలు విడిగా రాయనక్కర్లేకపోయింది. ఒక దరువు నుంచి ఇంకో దరువుకు వెళ్లేచోట సంధి వచనం వస్తుంది. రెండు మూడు వాక్యాల్లో కథను జరిపి, తర్వాత పాడబోయేది ఎవరో, ఏ మనఃస్థితిలో పాడుతున్నారో చెప్పి తప్పుకుంటుంది. సంవాద దరువుల్లో చరణానికొకరు చొప్పున ఇద్దరు వాదులాడుకుంటారు. చివర మంగళం.

ఇంత బిగువైన చట్రంలో ఒక్కొక్కరు ఒక్కో రకం సరుకు నింపారు. విజయరాఘవ నాయకుడు తండ్రి రఘునాథుడి కథను ‘రఘునాథాభ్యుదయం’గా ఆడించాడు. విప్రనారాయణుడి కథనూ, ప్రహ్లాదుడి కథనూ కూడా రాశాడు. ఆయన చేత కనకాభిషేకం పొందిన రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసి, ఆ రాజునే నాయకుణ్ణి చేసి కాంతిమతితో పెళ్లి చేసింది. పురుషోత్తమ దీక్షితుడు ‘తంజాపురాన్నదాన మహానాటకం’ రాశాడు. రాజుగారి అన్నదానాన్ని పట్టుకుని నవ్వులాట నడపగలిగాడంటే ఆ కొలువు ఎంత చనువిచ్చిందో ఊహించుకోవచ్చు. ఆ కొలువు 1673లో మధుర చొక్కనాథుడితో జరిగిన యుద్ధంలో కూలింది, విజయరాఘవుడు ప్రాణాలు విడిచాడు. కొద్ది ఏళ్లలోనే ఏకోజీతో మరాఠాల పాలన మొదలైంది. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆయన కొడుకు షాహజీ, కొలువు నాటకాల దగ్గరికొచ్చేసరికి నాయకుల తెలుగునే అందుకున్నాడు. ఇరవై దాకా యక్షగానాలు ఆయన పేరిట ఉన్నాయి. ‘సతీదాన శూరం’ ఉంది, ఐదు భాషల ‘పంచభాషా విలాసం’ ఉంది, తిరువారూరు త్యాగరాజస్వామి మీది పల్లకీ సేవ ఉంది. తర్వాతి కాలంలో ఆ తిరువారూరులోనే పుట్టిన వాగ్గేయకారుడు త్యాగరాజు ‘నౌకాచరిత్రం’, ‘ప్రహ్లాద భక్తి విజయం’ రాసినప్పుడు ఈ దరువులూ ద్విపదలూ వచనాల చట్రమే చేతికి అందివచ్చింది.

కట్ట చివరి ఆకు చూడకుండా ఏ ప్రతినీ మూయకూడదు. లేఖకుడు తన మాట చెప్పుకునేది అక్కడే. తప్పులుంటే మన్నించమంటాడు, ఎవరికోసం రాశాడో చెబుతాడు, తేదీ వేస్తాడు. ఆ తేదీలో శకసంవత్సరం లేకపోతే మిగిలేది ప్రభవాదుల్లో ఒక పేరు, మాసం, పక్షం, తిథి, వారం. ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. మరి ఏ ఆవృత్తి అని తేల్చేది వారం. ఒక ఆవృత్తిలో ఆ తిథి మంగళవారం పడితే ఇంకో ఆవృత్తిలో వేరే వారం పడొచ్చు. పంచాంగ గణితం వేసి చూస్తే చాలాసార్లు ఒక్కటే నిలబడుతుంది. తాళం అక్షరాన్ని సరిచూసినట్టే ఇక్కడ వారం ఏడాదిని సరిచూస్తుంది.

ఇవన్నీ మిగలడం కూడా ఒక పనితనమే. తాటాకుకు శత్రువులు తేమ, పురుగు, అతిగా ఎండిపోవడం. తంజావూరులో వస, మిరియాలు, లవంగం, దాల్చినచెక్క, నల్లజీలకర్ర పొడిచేసి కర్పూరం కలిపి చిన్న మూటలు కట్టి కట్టల పక్కన పెట్టే అలవాటుంది. పెళుసెక్కిన ఆకులకు నిమ్మగడ్డి నూనె పూస్తే మళ్లీ వంగుతాయి. గాట్లలో మసి రాలిపోయి చదవడం కుదరనప్పుడు కొత్త మసి పులిమి తుడుస్తారు. గంటం గాటు ఉన్నంతకాలం రాత ఉన్నట్టే. సిరా రాతకు ఈ సౌకర్యం లేదు, వెలిస్తే వెలిసిందే.

1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గంటి జోగిసోమయాజి సంపాదకత్వంలో తంజావూరు యక్షగానాల్ని అచ్చులోకి తెచ్చింది. 1961లో ఎస్వీ జోగారావు ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’తో ఈ ప్రక్రియ మొత్తానికీ ఒక పటం గీశారు. సాహిత్యం ఇలా దక్కింది. పాట సంగతి వేరు. పల్లకీ సేవకు అదృష్టం కలిసొచ్చింది. త్యాగరాజస్వామి సన్నిధిలో ఆడిపాడిన తిరువారూరు దేవదాసీ కుటుంబాల గొంతుల్లో దాని మట్లు నిలిచాయి. గౌరి చెలికత్తెల్ని పంపడం దగ్గర్నుంచి స్వామి పల్లకి ఎక్కి రావడం దాకా పాడగలిగినవాళ్లు ఇరవయ్యో శతాబ్దంలోనూ ఉన్నారు.

మిగతా నాటకాలకు అలాంటి గొంతు దొరకలేదు. వాటిని ఎవరైనా మళ్లీ పాడదలచుకుంటే చేతిలో ఉన్న సరంజామా ఇది: తలమీద రాగం పేరు, పక్కన తాళం, మాత్రల లెక్క తప్పని సాహిత్యం, పైన సంధి వచనం చెప్పిన మనఃస్థితి. ఆ రాగం షాహజీ నాడు ఎలా నడిచేదో, ఇప్పటి నడకకూ దానికీ తేడా ఎక్కడో తెలియాలంటే ఆయన ‘రాగలక్షణము’ పక్కన పెట్టుకోవాలి. షాహజీ నాటకాలకైతే నాటకం, లక్షణగ్రంథం రెండూ ఒకే రాజు రచనలు. ఒకదానిలో రాగం పేరు చూసి, రెండోదానిలో దాని సంచారాలు తీసి, జంపెకు ఐదేసి మాత్రలు వేసుకుంటూ సాహిత్యాన్ని వాటిమీద కూర్చడం మొదలుపెట్టవచ్చు.